వణుకుడు రోగం - ఒళ్లుపట్టే విద్య



ముసలాయన చెయ్యి వణికితే మన ఇళ్లల్లో "వయసు మీదపడింది, అంతే" అంటారు. అడుగు చిన్నదై, ముఖంలో కదలిక తగ్గి, మాట గొంతులోకి దిగిపోతే "వాతం కమ్మింది" అంటారు. మా హోసూరు ప్రాంతంలో ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, సంతలో కన్నడం కలిసి నడుస్తాయి కనుక ఈ ఒక్క జబ్బుకే నాలుగు పేర్లు చెవిని పడతాయి. మనం వణుకుడు రోగం అంటాం. తమిళులు నడుక్కువాదం అంటారు. కన్నడంలో వణుకును నడుక అంటారు. ఆయుర్వేద వైద్యులు కంపవాతం అంటారు. ఆసుపత్రి చీటీ మీద పార్కిన్సన్స్ వ్యాధి అని ఉంటుంది. పేరు ఏదైనా చాలా ఇళ్లల్లో ముందుగా చేసే పని ఒకటే. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఒళ్లు పట్టడం.

ఈ విషయంలో నాకు రెండు రకాల మనుషులు తారసపడుతుంటారు. మంచి మర్దన చేయిస్తే చాలు, జీవితాంతం ఆ మాత్రలు ఎందుకు అనేవారు ఒకరు. మెదడులో ఉన్న జబ్బుకు కాలికి నూనె రాస్తే ఏమొస్తుందని నవ్వేవారు ఇంకొకరు. ఈ రోగం చరిత్ర కొంచెం ఓపికగా చదివితే ఇద్దరి మాటా నిలవదు. ఆ చరిత్రే ఈనాటి ప్రసంగ విషయం.

జేమ్స్ పార్కిన్సన్ లండన్ నగరంలో హాక్స్‌టన్ స్క్వేర్ అనే చోట 1755 ఏప్రిల్ 11న పుట్టాడు. పెద్ద ఆసుపత్రి వైద్యుడేమీ కాదు. పేటలో మందులిచ్చి, చిన్నచిన్న శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు. రాళ్లలో దొరికే పాతకాలపు జీవుల అవశేషాలను సేకరించడం ఆయనకు మహా ఇష్టం. 1817లో 66 పుటల చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేయించాడు. దానికి ఆయన పెట్టిన పేరుకు మన మాటల్లో అర్థం "వణికించే పక్షవాతం గురించి ఒక వ్యాసం" అని. అందులో ఉన్నది కేవలం ఆరుగురు రోగుల కథ. ఆ ఆరుగురిలోనూ ఇద్దరు దారిన పోతూ కనిపించినవారు. ఒకాయన న్యాయాధికారి కచేరీలో పనిచేసినవాడు, మరొకాయన ఓడలో పనిచేసినవాడు. ఈ ఓడ మనిషి నడుము వంగిపోయి ముందుకు పరుగెడుతున్నట్టు నడిచేవాడు. అయిదారు అడుగులకొకసారి చేతికర్రను నేలకు గట్టిగా పొడిచి ఒంటిని నిలబెట్టుకునేవాడు. అలాంటి నడక మన ఊరి వీధిలో ఎవరిదో ఒకరిది శ్రోతలకు గుర్తుకు రావచ్చు.

అయిదో రోగిని పార్కిన్సన్ దూరం నుంచి మాత్రమే చూశాడు. ఆ పెద్దమనిషికి నడక మొదలుపెట్టడమే కష్టం. మొదలుపెడితే ఆగడం కష్టం. ఆయన ఎదుట ఒక సేవకుడు నిలబడి, రెండు చేతులూ ఆయన రెండు భుజాల మీద ఆనించి ఉండేవాడు. పెద్దమనిషి మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగి, తూకం కుదిరిందనిపించాక మాట ఇచ్చేవాడు. వెంటనే సేవకుడు పక్కకు జరిగి, తానూ ముందు పరుగెత్తి, ఇరవై అడుగుల దూరంలో ఆయన పడిపోకుండా పట్టుకోవడానికి సిద్ధంగా ఉండేవాడు. ఆ సేవకుడి పేరు పుస్తకంలో లేదు. ఆ పద్ధతి అతనికి ఏ వైద్యుడు నేర్పాడో కూడా లేదు. కానీ ఈనాడు ఫిజియోథెరపీ చేసేవారు, కాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయిన రోగికి చెప్పేది ఇలాంటిదే. లాగవద్దు, తొయ్యవద్దు, నిలబడిన చోటే బరువును అటూ ఇటూ మార్చి ఊగనిచ్చి, ఆ ఊపులో మొదటి అడుగు వేయించమంటారు. రోజూ చెయ్యి వేసి చూసుకునే మనిషికి తెలిసిన కిటుకును శాస్త్రం తరవాత ఎప్పుడో పుస్తకాల్లోకి ఎక్కించుకుంది.

మరి చికిత్స సంగతి? పార్కిన్సన్ సూచించింది మెడ పైభాగాన నెత్తురు తీయడం, ఆ తరవాత చర్మం మీద బొబ్బలెక్కించి చీము కారనివ్వడం. ఆనాటి వైద్యం అలాంటిది. ఇంతకన్నా మేలైనది తెలిసేదాకా అని ఆయనే కొంత సందేహంగా చెప్పాడు. అందుకు మెచ్చుకోవాలి.

అదే సంవత్సరాల్లో అదే ఇంగ్లండులో మరో చోట చేతి వైద్యం జోరుగా సాగుతోంది. చేసినవాడు మనదేశపు మనిషి. పట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్. కంపెనీ సైన్యంలో పనిచేసి, ఐర్లండుకు వెళ్లి, 1794లో ఇంగ్లీషులో తన ప్రయాణాల పుస్తకం రాశాడు. 1810లో లండన్‌లో భారతీయ భోజనం వడ్డించే హోటలు పెట్టి నష్టపోయాడు. 1814లో సముద్రతీరాన ఉన్న బ్రైటన్ పట్టణం చేరి ఆవిరి స్నానం, ఒళ్లు పట్టడం మొదలుపెట్టాడు. హిందీలో ఒళ్లు పిసకడాన్ని చాంప్నా అంటారు. ఆ మాటే ఇంగ్లీషులో షాంపూ అయింది. మనం ఇవాళ తలకు రుద్దుకునే షాంపూ పేరుకు మొదటి అర్థం మర్దనే. ఇంగ్లండు రాజు నాలుగో జార్జి ఆయన్ని తన ఆస్థాన మర్దన వైద్యుడిగా పెట్టుకున్నాడు. కీళ్లవాతం, పక్షవాతం ఉన్నవారు ఆయన దగ్గరికి వచ్చేవారు. నయమైనవారు వదిలి వెళ్లిన చంకకర్రలను స్నానశాలలో వేలాడదీసి ఉంచేవాడట. అది ఆనాటి ప్రకటన పద్ధతి. నయం కానివారు వదిలి వెళ్లడానికి ఏమీ ఉండదు కదా, కనుక ఆ గోడను చూసి లెక్క వేయలేం. ఈనాటి మర్దన కేంద్రాల గోడల మీద కనిపించే ఫొటోలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

ఇప్పుడు పారిస్‌కు వెళదాం. అక్కడ సాల్‌పెట్రియేర్ అనే పెద్ద ఆసుపత్రిలో వేలాది వృద్ధస్త్రీలు ఉండేవారు. జాన్ మార్టిన్ షార్కో 1862లో అక్కడ పని చేపట్టాడు. ఈ రోగానికి పార్కిన్సన్ పేరు పెట్టాలన్నది ఆయనే. వణికించే పక్షవాతం అన్న పాత పేరు ఆయనకు నచ్చలేదు. ఈ రోగుల్లో అందరూ వణకరు, అందరి కండరాల బలమూ పోదు, అలాంటప్పుడు ఆ పేరు తప్పుదారి పట్టిస్తుందన్నాడు. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి చెప్పాడు. ఈ రోగంలో ఒళ్లు బిగుసుకుపోతుంది, ఆ బిగువును పార్కిన్సన్ గుర్తించలేదు అన్నాడు.

ఎందుకు గుర్తించలేదు? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. పార్కిన్సన్ తన రోగుల్లో కొందరిని వీధిలో చూశాడు, ఒకరిని దూరం నుంచి చూశాడు. వణుకు కంటికి కనిపిస్తుంది. వంగిన నడుము కనిపిస్తుంది. బిగువు కనిపించదు. మోచేతిని ఒక చేత్తో పట్టుకుని మణికట్టును ఇంకో చేత్తో మెల్లగా వంచి, చాచి చూస్తే తప్ప తెలియదు. అలా చూస్తే గడియారంలో పళ్ల చక్రం తిరిగినట్టు మెట్టుమెట్టుగా ఆగుతూ వస్తుంది. ఈ పళ్లచక్రపు లక్షణాన్ని ఇటలీలోని ట్యూరిన్ వైద్యుడు కామిలో నెగ్రో 1901లో వర్ణించాడు. అంటే ఈ రోగంలో ఒక సగాన్ని కన్ను కనిపెడితే మరో సగాన్ని చెయ్యి కనిపెట్టింది. నా మట్టుకు నాకు ఈ రోగం చరిత్ర మొత్తంలో ఇదే కీలకం. మర్దన పనిచేసేది కూడా చెయ్యి కనిపెట్టిన ఆ సగం మీదనే. బిగుసుకున్న భుజం, కొయ్యబారిన మెడ, పొద్దున లేవగానే మడమ దగ్గర పట్టేసిన కాలు, వీటికి ఒళ్లు పట్టడం ఉపశమనం ఇస్తుంది. వణుకు ఆగాలని మర్దన చేయించి, అది ఆగకపోయేసరికి "పనిచేయలేదు" అని మానేసేవారు ఎందరో ఉన్నారు. అడగకూడని పని అడిగి చేతిని తప్పు పట్టడం అన్నమాట.

షార్కో కథ అక్కడితో అయిపోలేదు. రైల్లోనో గుర్రపు బండిలోనో చాలాదూరం ప్రయాణం చేసి వచ్చిన తన రోగులు ఒక వింత చెప్పేవారు. కుదుపులకు మనమైతే నడుం పట్టేసి దిగుతాం. వాళ్లేమో ఒళ్లు తేలికైందని చెప్పేవారు. షార్కో ఆ మాటను కొట్టిపారేయలేదు. కరెంటుతో అదిరే కుర్చీ ఒకటి చేయించి రోగులను రోజూ అరగంట కూర్చోబెట్టాడు. ఒంటినొప్పులు తగ్గాయి, కాళ్లు తేలికయ్యాయి, రాత్రి నిద్ర పట్టింది అని వాళ్లు చెప్పారు. వణుకులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ సంగతి ఆయన 1892లో ఒక ఉపన్యాసంలో వివరించాడు. మరుసటి సంవత్సరమే కన్నుమూశాడు. కుర్చీ మూలపడింది.

నూట ఇరవై ఏళ్ల తరవాత అమెరికాలో షికాగో వైద్యులు ఆ పరీక్షను మళ్లీ చేశారు. 2012లో ఫలితం ప్రచురించారు. 23 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని అదిరే కుర్చీలో, మరో వర్గాన్ని అదరని కుర్చీలో చల్లని ప్రకృతి శబ్దాలు వినిపిస్తూ కూర్చోబెట్టారు. రెండు వర్గాల వారికీ కదలికలు మెరుగుపడ్డాయి. తేడా మాత్రం తేలలేదు. దీన్ని బట్టి అంతా భ్రమేనని కొందరు అంటారు. నేను అలా అనను. రోజూ అరగంట హాయిగా కూర్చోబెట్టి, శ్రద్ధగా చూసుకున్నా మనిషి కొంత తేరుకుంటాడని అందులో తేలింది. కుర్చీకి వేలకు వేలు పోయనక్కరలేదని కూడా తేలింది.

ఇక మర్దన అనే వృత్తి సంగతి. యూరప్‌లో స్వీడన్ దేశపు లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయం పెట్టాడు. తరవాత ఆమ్‌స్టర్‌డామ్‌లో మెజ్గర్ అనే వైద్యుడు పద్ధతులకు క్రమం కల్పించాడు. ఇంగ్లండులో 1894లో మర్దన కేంద్రాల పేరిట అవినీతి జరుగుతోందని వైద్యపత్రిక బయటపెట్టింది. మంచి పనికి చెడ్డపేరు వస్తోందని బాధపడి నలుగురు స్త్రీలు, నర్సులూ మంత్రసానులూ, శిక్షణ పొందిన మర్దనకారుల సంఘం పెట్టారు. పరీక్షలు పెట్టారు, నియమాలు రాసుకున్నారు. నేటి బ్రిటన్ ఫిజియోథెరపీ సంస్థకు అదే మూలం. జపాన్‌లో అన్మా అనే మర్దన విద్య అంధుల జీవనోపాధిగా నిలిచింది. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు అంధులకు ఈ విద్య నేర్పే పాఠశాలలు నడిపించాడు.

మన దగ్గర? వాగ్భటుడి అష్టాంగహృదయం దినచర్యలోనే అభ్యంగనాన్ని చేర్చింది. తల, చెవులు, పాదాలు మరవవద్దన్నది. పండగనాటి తలంటు, పిల్లలకు నలుగు, బాలింతకు ఒళ్లు పట్టడం మన ఇళ్లల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. కానీ ఆ పని చేతులతో చేసే మనుషులకు మనం ఇచ్చిన స్థానం ఏమిటి? ఒళ్లు పట్టడం, పుండ్లకు కట్టు కట్టడం, పురుడు పోయడం తరతరాలుగా నాయీబ్రాహ్మణ కుటుంబాల చేతిలో ఉన్నాయి. తమిళనాట ఆ కులాన్ని మరుత్తువర్ అంటారు. ఆ మాటకు అర్థం వైద్యుడు అని! పేరులో వైద్యుడన్నాం, గుమ్మం బయట నిలబెట్టాం. లండన్‌లో నలుగురు స్త్రీలు పరీక్షలు పెట్టి గౌరవం సంపాదించారు. మన నాయీ వైద్యుల అనుభవం పుస్తకాల్లోకి ఎక్కకుండానే చాలా మటుకు పోయింది. ఇది చిన్న నష్టం కాదు.

పుస్తకాల్లోకి ఎక్కినదాంట్లో మన తెలుగువారు గర్వించవలసిన గ్రంథం ఒకటి ఉంది. బసవరాజు రచించిన బసవరాజీయం. 25 ప్రకరణాల వైద్యగ్రంథం, సంస్కృత శ్లోకాలకు తెలుగు వివరణ జతపడి ఉంటుంది. కంపవాత లక్షణాల గురించి ఆయుర్వేద పండితులు ఈనాటికీ దీన్నే చూపిస్తారు. అరచేతులూ అరికాళ్లూ వణకడం, ఒళ్లు తూలడం, బాధ, నిద్ర చెడిపోవడం, బుద్ధి మందగించడం అని ఆ లక్షణాలు. నిద్ర సంగతి చూడండి. పార్కిన్సన్ రోగుల నిద్ర చెడడాన్ని ఈనాటి వైద్యులు ఎంతో ముఖ్యంగా పరిగణిస్తున్నారు. అయితే కంపవాతం అంటే అచ్చంగా పార్కిన్సన్స్ వ్యాధే అని ముద్ర కొట్టడం తొందరపాటు. వణుకు పుట్టించే జబ్బులు చాలా ఉన్నాయి. పాత వర్ణన అన్నింటినీ కలుపుకుని ఉండవచ్చు.

ఇక్కడే మన మద్రాసు కథ చెప్పాలి. పొలం గట్లమీద, కంచెల్లో పాకే దూలగొండి తీగ శ్రోతలందరికీ తెలుసు. దాని కాయ నూగు తగిలితే ఒళ్లంతా దురద. తమిళంలో పూనైక్కాలి, కన్నడంలో నసుగున్ని. ఆయుర్వేదంలో ఆత్మగుప్త, కపికచ్ఛు. దీని గింజ వాతరోగాల మందుల్లో పడుతుంది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు ఆ గింజల నుంచి డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. పదార్థం అప్పటికి కొత్తది కాదు. 1913లోనే గుగ్గెన్‌హైమ్ అనే రసాయన శాస్త్రవేత్త యూరప్ చిక్కుడుజాతి గింజలో దాన్ని కనుగొన్నాడు. అయితే అది దేనికి పనికివస్తుందో 1937లో ఎవరికీ తెలియదు.

ఇరవై ఏళ్లు గడిచాయి. మన సర్పగంధి వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే మందు తీశారు. అది రక్తపోటును తగ్గించేది, కాని కొందరిని పార్కిన్సన్ రోగుల్లా బిగుసుకుపోయేట్టు చేసేది. స్వీడన్‌లో అర్విద్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చతికిలపడ్డాయి. డోపా ఎక్కించాడు. లేచి తిరిగాయి! 1960లో వియన్నాలో హోర్నికీవిజ్, ఏరింగర్ కలిసి పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమిన్ బాగా తగ్గిపోయిందని చూపించారు. 1967లో అమెరికాలో కోట్జియస్ పెద్ద మోతాదుల్లో డోపాను నోటిద్వారా ఇచ్చి మంచం పట్టినవారిని నడిపించాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ ఊరూరా దొరికే లెవోడోపా మాత్ర కథ ఇది. మర్దన దాని పని చేయలేదు. మెదడులో తగ్గిన పదార్థాన్ని ఏ నూనే పూరించదు.

మరి మాత్ర వచ్చాక చేతికి పని పోయిందా? పోలేదు. మాత్ర ప్రభావం గంటల లెక్కన ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక మాత్రకూ ఇంకో మాత్రకూ మధ్య ఒళ్లు మళ్లీ బిగుసుకుంటుంది. మలబద్ధకం, నిద్రలేమి, భుజం నొప్పి, మనసు కుంగడం వంటివి మాత్రతో పూర్తిగా పోవు. 2002లో మయామీలో 16 మందితో చేసిన ఒక చిన్న పరీక్షలో, మర్దన చేయించుకున్నవారికి నిద్ర బాగుపడింది, రోజువారీ పనులు కొంత సులువయ్యాయి. 2012లో జపాన్‌లో అన్మా మర్దనను ఒక్క విడత పది మందికి చేసి చూస్తే బిగువు, అలసట, భుజం కదలిక వంటి వాటిలో మేలు కనిపించింది. అన్నీ చిన్న పరీక్షలే. పది మంది, పదహారు మంది అంటే మా బడిలో సగం తరగతి కూడా కాదు. వాటిమీద పెద్ద కోట కట్టకూడదు.

మనదేశంలో 2000లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఇంకా ఆసక్తికరం. 18 మంది రోగులకు దూలగొండి గింజలు, ఖురాసాని వాము గింజలు, అశ్వగంధ, బల వేర్లు ఆవుపాలలో కలిపి ఇచ్చారు. కొందరికి దానికి ముందు 28 రోజులు స్నేహన స్వేదనాదులతో, అంటే నూనె మర్దన, ఆవిరి చెమట మొదలైనవాటితో శోధన చికిత్స చేశారు. మిగిలినవారికి మందు మాత్రమే. శోధన చేయించుకున్నవారే ఎక్కువ మెరుగయ్యారు. ఆ మందును పరీక్షిస్తే అందులో డోపా ఉంది. ఖురాసాని వాము జాతి మొక్కల మందునే షార్కో కూడా పారిస్‌లో తన రోగులకు ఇచ్చేవాడు. ఇంత దూరాన, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే మొక్కజాతి దగ్గరికి చేరారు.

ఈ మాట విని దూలగొండి గింజలు దంచి తినడం మొదలుపెట్టవద్దు. గింజకూ గింజకూ డోపా పాళ్లు మారతాయి. ఆసుపత్రి మాత్రతో కలిస్తే మోతాదు మించి చేతులూ కాళ్లూ మెలికలు తిరుగుతాయి. ఇక మర్దన మీద నమ్మకంతో మాత్రను ఒక్కసారిగా ఆపేయడం అంతకన్నా ప్రమాదం. జ్వరం విపరీతంగా పెరిగి, ఒళ్లు కొయ్యబారి, ప్రాణం మీదికి రావచ్చు. మానాలన్నా తగ్గించాలన్నా డాక్టరుగారే చెప్పాలి.

ఇంట్లో చేసేవారికి నాలుగు మాటలు. మాత్ర వేసుకుని ఒళ్లు కాస్త వదులయ్యే వేళ చూసుకుని మొదలుపెట్టండి. బిగుసుకున్న కీలును బలవంతంగా గుంజవద్దు. వృద్ధుల ఎముకలు పెళుసు. మెడ విరవడం, వీపు మీద తొక్కడం వంటివి వద్దే వద్దు. పిక్కలు, పాదాలు, భుజాలు, చేతి వేళ్లు నెమ్మదిగా, ఒకే ఒరవడిలో పట్టండి. చేస్తున్నంతసేపూ మాట్లాడుతుండండి. ఆయన ముఖంలో కదలిక లేనంత మాత్రాన మనసులో లేదనుకోకండి, నొప్పి ఉన్నా ముఖం చెప్పదు, నోటితో అడగాలి. అయిపోగానే లేపవద్దు. ఈ రోగులకు లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. కొంతసేపు మంచం అంచున కూర్చోబెట్టి, అరికాళ్లకు అంటిన నూనె శుభ్రంగా తుడిచి, నేలమీద చుక్క లేదని చూసుకుని, అప్పుడు రెండు చేతులూ అందించండి.